కట్టి చూసిన టైర్లు

మా మేనమామ ఫోన్ చేస్తే నా బాగోగులు తర్వాత అడుగుతాడు, ముందు కారు సంగతి అడుగుతాడు. "నీడకు కట్టేసినవా బిడ్డా? ఎండకు నాలుక బయటపెడతది" అంటాడు. కారుకు నాలుక ఉండదని చెప్పి చెప్పి విసిగిపోయి, "కట్టేసిన మామా" అనడం అలవాటు చేసుకున్నాను. ఇందులో ఆయన తప్పు కూడా లేదు. నాకు గట్టు మండలంలో ఒక ఊరి బడికి బదిలీ అయినప్పుడు, ధరూర్ దగ్గర సేద్యం చేసే ఆయన తన చివరి జత ఎడ్లను పెబ్బేరు సంతలో అమ్మి, ఆ డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఊరంతా ట్రాక్టర్లు వచ్చాక ఎడ్లు కూర్చుని తింటున్నాయి, మేనకోడలేమో ఆటో వెనక వేలాడుతోంది, ఇదెక్కడి న్యాయం అని ఆయన వాదన. దానికి నేను దాచుకున్నది కలిపి, పాతదే ఒక చిన్న కారు కొన్నాను. అప్పటి నుంచి ఆయన లెక్కలో ఆ కారు ఆయన ఎడ్ల జతే. ఎనిమిది కాళ్లు పోయి నాలుగే వచ్చాయని మాత్రం ఇప్పటికీ కొంచెం బాధపడతాడు.

ఆ కారు నాకేమిటో కూడా చెప్పాలి. అంతకుముందు గద్వాల నుంచి బడికి ఆటోలో వెళ్లేదాన్ని. ఒడిలో ఎవరిదో ఎరువు సంచి, భుజం మీద ఎవరిదో నిద్రపోతున్న తల, కాళ్ల మధ్య ఒక మేకపిల్ల. ఇంట్లో అమ్మను, బడిలో టీచరును, ఆటోలో ఎరువు సంచికి కుర్చీని. కారు వచ్చాక, ఇంటి గేటు నుంచి బడి గేటు దాకా నేను ఎవరికీ ఏమీ కాను. అద్దాలు ఎత్తేసి గట్టిగా పాడేదాన్ని. నా గొంతు బాగుండదు, అందుకే అద్దాలు ఎత్తేదాన్ని. రోజు మొత్తంలో నాది అని చెప్పుకోదగ్గ సమయం అదొక్కటే, దాన్ని ఎవరితోనూ పంచుకునే ఉద్దేశం నాకు లేదు.

వేసవి సెలవులు ఇచ్చిన రోజే వెనక టైరు పేలింది. తారు కరిగే ఎండ. ఆ టైర్లు ఎప్పుడో నున్నగా అరిగిపోయాయి, ఈ సెలవుల్లో మార్చుకోవచ్చులే అనుకున్నాను. పెద్ద చప్పుడైంది. తర్వాత ఏం చేశానో నాకు గుర్తులేదు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు కారు రోడ్డు దిగి, పత్తి ఏరేసిన ఒక చేలో పడి, ఎండిన కట్టెను పటపట విరుచుకుంటూ పోయి ఆగింది. మేకలు కాసే ముసలాయన ఒకాయన పరుగెత్తుకొచ్చి, "ఏనాయ్తమ్మా" అని, ఏమైందని సరిహద్దు కన్నడంలో అడిగి, ఏమీ కాలేదని తెలిశాక చేను ఎవరిదో చెప్పి వెళ్లిపోయాడు. పేలినదాని చోట అంతే అరిగిన స్టెప్నీ బిగించి మా ఆయన కారును ఇంటికి తెచ్చాడు. నాకు చిన్న గీత కూడా పడలేదు. కానీ ఆ రోజు నుంచి స్టీరింగ్ ముందు కూర్చుంటే చేతులు వణికేవి. తాళం తిప్పకుండానే దిగి వచ్చేసేదాన్ని.

మా ఆయన విత్తనాల గోదాములో పనిచేస్తాడు. మంచివాడే, కాకపోతే భయమేసినప్పుడు ఆయనకు కోపం వస్తుంది. "అమ్మేద్దాం. ఇన్నేండ్లు ఆటోల పోలేదా?" అన్నాడు. అనడమే కాదు, కొనేవాడిని కూడా చూసి పెట్టాడు, ఆదివారం వచ్చి కారు చూసుకుంటాడట. ఎడ్లు మామవి కాబట్టి మామను అడగకుండా అమ్మడం బాగుండదని ఫోన్ చేశాడు. మామ ఎదురు ప్రశ్న వేశాడు.

"ఎద్దు కాలికి నాడా ఊడితే ఏం చేస్తరు అల్లుడా? నాడా కొట్టిస్తరా, ఎద్దును అమ్ముతరా?"

"నాడా కొట్టిస్తరు."

"మరి గిదేంది?"

మా ఆయన ఒక షరతు పెట్టాడు. టైర్లు మార్పిద్దాం, ఆదివారం లోపు నేను మళ్లీ బండి నడిపితే కారు ఉంటుంది, లేకపోతే పోతుంది. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను, వణికే చేతులతో వాదన కూడా సరిగ్గా రాదు.

శుక్రవారం పొద్దున్నే మామ ధరూర్ నుంచి దిగాడు. భుజం మీద తువ్వాల, చేతిసంచిలో కొబ్బరికాయ, నిమ్మకాయలు, కుంకుమ పొట్లం. టైర్లు తానే చూసి కొనిపెడతానన్నాడు. మా ఆయన నా వైపు చూశాడు. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టుంది అని ఆ చూపుకు అర్థం.

గద్వాలలోని దుకాణం అద్దాల తలుపులది. కుర్ర యజమాని మమ్మల్ని కూర్చోబెట్టి చల్లని నీళ్లిచ్చి, ఏ కంపెనీ కావాలి, మైలేజీ కావాలా పట్టు కావాలా అని మొదలుపెట్టాడు. మామ కూర్చోలేదు. వరుసగా నిలబెట్టిన టైర్ల ముందు గొంతుక్కూర్చుని ఒక్కోదాన్ని తట్టి చూశాడు.

"పండ్లు యాడున్నయ్?" అన్నాడు, ఎద్దు నోరు తెరిచి పళ్లు చూసే అలవాటుతో.

"కాకా, ఇది టైరు. దీనికి పండ్లు ఉండయ్."

"పండ్లు చూడకుంటే వయసు ఎట్ల తెలుస్తది?"

పాపం ఆ కుర్రవాడు నిజాయితీపరుడు. టైరు పక్కన అచ్చు గుద్దిన అంకెలు చూపించి, ఇవి చూస్తే ఏ ఏడు, ఏ వారం తయారైందో తెలుస్తుందన్నాడు. అదే అతను చేసిన పొరపాటు. మామ ముఖం వెలిగిపోయింది. నన్ను పిలిచి ప్రతి టైరు అంకెలూ చదివించాడు. ఒకటి పోయిన ఏడాది ముందరిది. "చూసినవా, ఆరు పండ్ల ఎద్దును రెండు పండ్లదని అమ్ముతుండు" అన్నాడు నాతో, అందరికీ వినబడేలా. తర్వాత టైర్ల మీద చుక్కలు కనిపెట్టాడు. కొత్త టైర్ల పక్కన పసుపు చుక్కో ఎర్ర చుక్కో ఉంటుంది, బిగించేటప్పుడు గుర్తు కోసమట. మామకు అది ఎద్దు ఒంటి మీది సుడి. ఒక టైరుకు చుక్క ఉండి పక్కదానికి లేదు. సుడి ఉన్నదాన్నీ లేనిదాన్నీ ఒక కాడికి కడితే ఇంటి యజమానికి అరిష్టం అన్నాడు. ఇంటి యజమాని అంటే తనే అయినందుకు మా ఆయన కొంచెం ముందుకు వంగి ఆ టైరును మళ్లీ చూశాడు.

అయినా బేరం కుదిరేదే. కుర్రవాడు చివర్లో ఒక మంచిమాట చెప్పాలనుకున్నాడు. కొన్నాళ్లు తిరిగాక టైర్లను అటువి ఇటు, ఇటువి అటు మార్చి బిగించుకుంటే సమానంగా అరుగుతాయన్నాడు. మామ లేచి నిలబడి తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

"దాపటెద్దును తీస్కపోయి ఎలపట కడతవా? నువ్వెప్పుడన్న మడక దున్నినవా కొడుకా?"

కాడికి ఎడమపక్క అలవాటైన ఎద్దు కుడిపక్కన ఒక్క చాలు కూడా నడవదని ఆయన జీవితకాలపు అనుభవం. కుర్రవాడు తాను ఇంజనీరింగ్ చదివానని మాత్రం చెప్పగలిగాడు. బయటికి వచ్చాక మామ అసలు నియమం చెప్పాడు. మూడు అంగళ్లు తిరగందే ఎద్దును కొనకూడదు. మా ఆయన తాళం చెవిని ఒకసారి గాలిలోకి ఎగరేసి పట్టుకుని, కారును వనపర్తి దారి పట్టించాడు. మామ ముందు సీట్లో, నేను వెనక సీట్లో కొబ్బరికాయ పక్కన.

వనపర్తిలో దుకాణం ఒక వాలు రోడ్డు మీద ఉంది. అక్కడ మామకు పండ్లు నచ్చాయి, సుడులు నచ్చాయి. నడక చూడాలన్నాడు. దుకాణందారుకు నవ్వొచ్చింది, అయినా గిరాకీ కదా అని ఒక టైరును తెచ్చి రోడ్డు మీద నిలబెట్టి చేత్తో ఒక తోపు తోశాడు. టైరు చాలా బాగా నడిచింది. వాలు కదా, ఇంకా బాగా నడిచింది. మోటారు సైకిళ్ల మధ్య నుంచి ఎవరినీ తాకకుండా, తనకు దారి తెలిసినట్టు పోయి, రోడ్డు దాటి, కింద ఎదురుగా ఉన్న ఇంకో టైర్ల దుకాణంలోకి దూరి, అక్కడి వరుసకు ఆనుకుని నిలబడింది.

మొదటి దుకాణందారు పరుగెత్తాడు. రెండో దుకాణందారు అప్పుడే కునుకు నుంచి లేచి, వరుసలో ఉన్న టైరు మీద చెయ్యి వేసి, "ఏంది, నా టైరు పట్కపోతున్నవ్?" అన్నాడు. రెండు దుకాణాల్లోనూ అదే కంపెనీ, అదే సైజు. ఏది ఎవరిదో దేవుడికే తెలియాలి. వాళ్లిద్దరికీ పాతపగలు ఏమున్నాయో, మాట టైరు దాటి అన్నదమ్ముల పంపకాల దాకా పోయింది. అప్పుడు తెలిసింది వాళ్లు సొంత అన్నదమ్ములని. మామ తీర్పు చెప్పడానికి వెళ్లాడు. పరాయి చేలో పడ్డ పశువును బందెలదొడ్డిలో పెట్టాలి, యజమాని దండుగ కట్టి విడిపించుకోవాలి, ఇది పెద్దల నాటి పద్ధతి అన్నాడు. ఇద్దరూ కలిసి మామ మీదికి తిరిగారు. తర్వాత మేం అక్కడ ఉండటం మంచిది కాదని మా ఆయనే గుర్తించాడు.

"నడక మంచిగుంది" అన్నాడు మామ కారులో. "కని జర తలబిరుసుది. మన పిల్లకు ఆగదు."

నాకు ఒళ్లు మండింది. పొద్దున్నుంచి టైరు ఎట్లుంది, దాని పండ్లెట్లున్నాయి అన్నారే తప్ప, నడిపే మనిషి ఎట్లుందని ఒక్కరూ అడగలేదు. అదే మాట అనబోయాను. అంటే, నడుపుతావా మరి అని అడుగుతారు. అందుకని నోరు మూసుకుని గోపాల్‌పేట దాకా కిటికీలోంచి గుట్టలు చూశాను.

నాగర్‌కర్నూల్‌లో మూడో దుకాణం ఊరి చివర, తిమ్మాజిపేట వైపు వెళ్లే రోడ్డు మీద ఉంది. రేకుల షెడ్డు, ముందు చెట్టు నీడ, పక్కనే సీటు కవర్లు కుట్టే కొట్టు, టీ బండి. దుకాణందారు గడ్డం నెరిసిన సాయిబు. గల్లా వెనక గోడ మీద అతని తండ్రి ఫోటో ఉంది, రెండు ఒంగోలు ఎడ్ల మధ్య నిలబడి తీయించుకున్నది. మామ ఆ ఫోటో చూశాడు. సాయిబు మామ భుజం మీది తువ్వాల చూశాడు. ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు.

"అబ్బాజాన్ పశువుల బేరం చేసేటోడు" అన్నాడు సాయిబు. "పెబ్బేరు సంత తప్పేటోడు కాదు."

"నేను చూసే ఉంట" అన్నాడు మామ.

టైర్లు చూడటం ఇక్కడ ఇట్టే అయిపోయింది. అంకెలు ఈ ఏడాదివే, నాలుగింటికీ పసుపు చుక్కలు, గట్టు రోడ్డు గుంతలకు తట్టుకునే పక్క గోడలు. తర్వాత మామ తువ్వాల తీసి తన కుడిచేతి మీద కప్పుకున్నాడు. సాయిబు తన చెయ్యి ఆ తువ్వాల కిందికి పెట్టాడు. సంతలో ఎడ్ల బేరం ఇట్లాగే జరుగుతుంది. ధర నోటితో చెప్పరు, గుడ్డ కింద వేళ్లు పట్టి చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియకూడదని. ఇక్కడ పక్కవాళ్లం మేమే. టైర్లు మాకే, డబ్బు కట్టేదీ మేమే, తెలియకూడనిదీ మాకే. తువ్వాల కింద ఏదో పాము కదిలినట్టు కదిలింది. సాయిబు తల అడ్డంగా ఊపాడు. మామ కళ్లు మూసుకున్నాడు. మళ్లీ కదిలింది. చివరికి ఇద్దరూ నవ్వి చేతులు బయటికి తీశారు.

"ఎంతకు తెగింది మామా?" అని మా ఆయన అడిగాడు.

"గది అంగట్ల అడగరాదు అల్లుడా."

మామ సంచిలోంచి కుంకుమ తీసి, ఎంచుకున్న నాలుగు టైర్లకూ బొట్టు పెట్టాడు, దుకాణంలో ఎవరైనా మార్చేస్తారేమోనని. సాయిబు తన పనివాడిని పిలిచి, కారు కడిగి ఈ నాలుగూ బిగించమని చెప్పి, మమ్మల్ని తినేసి రమ్మన్నాడు. తాను జుమ్మా నమాజుకు పోయి వస్తానన్నాడు.

మేం హోటల్లో జొన్నరొట్టెలు తిని వచ్చేసరికి కారు షెడ్డు ముందు రోడ్డు వైపు తిరిగి నిలబడి ఉంది. చక్రాలు కడిగి తళతళలాడుతున్నాయి. సాయిబు ఇంకా రాలేదు. కరెంటు పోయిందట, పనివాడు కూడా అన్నానికి పోయాడట. టీ బండి ఆయన చెప్పాడు. మామ చక్రాల చుట్టూ ఒక చుట్టు తిరిగి, "నీళ్లకు బొట్లు పోయినయ్ కని, నల్లగ నిగనిగలాడుతున్నయ్" అని మెచ్చుకున్నాడు. నేను అటు చూడలేదు. ఆ చక్రాల వైపు చూడటం నేను మానేసి చాలా రోజులైంది.

"ఇగ కట్టి చూడాలె" అన్నాడు మామ.

ఎద్దును కొని డబ్బు ఇచ్చేముందు బండికి కట్టి చూస్తారు. బండి నిండా మనుషులు ఎక్కుతారు, చక్రాలు తిరగకుండా కట్టె అడ్డం పెడతారు, అప్పుడు అదిలిస్తే ఎద్దు మోకాళ్ల మీద వంగి అయినా లాగాలి. లాగితేనే డబ్బు. మామ దీన్ని మాకు వివరిస్తూనే మనుషులను పిలవడం మొదలుపెట్టాడు. ఊరికే ఉన్నవాళ్లకు కొదవేముంది? సీటు కవర్ల కొట్టువాళ్లు వచ్చారు. ట్రాక్టరు టైరు పంక్చరు కోసం కూర్చున్న తిమ్మాజిపేట రైతులు వచ్చారు. టీ బండి ఆయన గిన్నె మీద మూత పెట్టి వచ్చాడు. మామిడిపండ్లు అమ్మే ఆమె గంప కింద పెట్టి ఎక్కలేనంది, గంపతోనే ఎక్కింది. వెనక డిక్కీ తలుపు ఎత్తి కాళ్లు బయటికి వేలాడేసుకుని ఇద్దరు కూర్చున్నారు. మా ఆయన అప్పటికే వెనక సీట్లో గంపకూ ఒక రైతుకూ మధ్య ఇరుక్కుపోయాడు. హ్యాండు బ్రేకు వేసి లాగితే క్లచ్చు కాలిపోతుందని ఆయన అంటున్నాడు కానీ, గొంతు గంప కింద నుంచి వస్తోంది.

"కూసో బిడ్డా" అన్నాడు మామ నాతో, డ్రైవరు సీటు చూపిస్తూ.

"నేను నడపను మామా. నాతోని కాదు."

"యజమాని కడితేనే ఎద్దు గుణం తెలుస్తది. పరాయోడు అదిలిస్తే ఏం తెల్వదు."

"చేతులు వణుకుతున్నయ్ మామా."

"వణకనియ్యి. లాగేది నువ్వు కాదు గద."

అందరూ ఎదురుచూస్తున్నారు. టీ బండి ఆయన పాలు పొంగుతాయని తొందరపెడుతున్నాడు. నేను కూర్చున్నాను, ధైర్యం వచ్చి కాదు, అంతమంది ముందు దిగిపోవడానికి సిగ్గేసి. తాళం తిప్పాను. అడ్డం కట్టెకు బదులు, పైకి లాగిన హ్యాండు బ్రేకును పక్క సీట్లోంచి మామ రెండు చేతులూ వేసి పట్టుకున్నాడు. గేరు వేసి కాలు నొక్కితే ఇంజను గొంతు చించుకుంది. కారు వెనక భాగం కిందికి కుంగింది, ఏదో కమురు వాసన వచ్చింది, వెనక నుంచి "హోయ్, హోయ్" అని ఎడ్లను అదిలించే కేకలు. కారు ఒక జానెడు జరిగింది. ఇంకో జానెడు జరిగింది.

"లాగింది" అన్నాడు మామ తృప్తిగా, బ్రేకు వదిలేశాడు.

వదిలిన వెంటనే కారు ఒక్క ఊపున రోడ్డెక్కింది. అక్కడ ఆపాలి. నేను ఆపలేదు. ఎందుకు ఆపలేదని చాలామంది అడిగారు, మా ఆయన ఇప్పటికీ అడుగుతాడు. ఆ కారులో ఎంత మంది ఉన్నారంటే నా భయానికి కూర్చోవడానికి చోటు లేదు. ఒకరి మోచేయి నా మెడ మీద ఉంది, గేరు మార్చాలంటే మామ మోకాలును పక్కకు నెట్టాలి. ఒక రైతు, ఎట్లాగూ వెళ్తున్నారు కాబట్టి తమను ఊళ్లో దింపమన్నాడు. మామిడిపండ్ల ఆమె మా ఆయనకు పండ్లు అమ్మడం మొదలుపెట్టింది, ఆయన పారిపోలేడు కదా. టీ బండి ఆయన పాల గురించి ఒకటే గోల. రెండో గేరు, మూడో గేరు. చెట్ల నీడలు అద్దం మీద పడి పోతున్నాయి. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఏడుపు కూడా వచ్చింది కానీ రోడ్డు కనబడదని ఆపుకున్నాను. పత్తి మిల్లు దగ్గర వెడల్పు చోటు చూసి మెల్లగా తిప్పి, అంతే మెల్లగా వెనక్కి తెచ్చాను.

షెడ్డు ముందు సాయిబు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. కారులోంచి జనం దిగుతూనే ఉంటే నోరు తెరుచుకుని చూశాడు.

"ఎటు పోయిన్రు కాకా? ఇంక టైర్లు మార్వనే లేదు గద."

అప్పుడు అందరం ఒకేసారి షెడ్డులోకి చూశాం. నాలుగు కొత్త టైర్లూ గోడకు ఆనుకుని, బొట్లు పెట్టుకుని, పెళ్లిచూపులకు కూర్చున్నట్టు కూర్చున్నాయి. పనివాడు చక్రాలు కడిగాడు, అంతలో కరెంటు పోయింది, టైరు ఊడదీసే మిషను నడవదు కాబట్టి అన్నానికి వెళ్లాడు. పొద్దున్నుంచి టైర్ల పండ్లు లెక్కపెట్టిన మనిషి, నీళ్లకు నిగనిగలాడే పాతవాటిని చూసి కొత్తవనుకున్నాడు.

మా ఆయన ముఖం పాలిపోయింది. "అంటే గా బోడి టైర్ల మీద, గింతమందిని..." అని ఆగిపోయాడు.

మామ మాత్రం సిగ్గుపడలేదు. పాత టైర్ల దగ్గరికి వెళ్లి వంగి చూశాడు, కొత్తవాటిని చూశాడు.

"కట్టి చూసినం. గివే లాగినయ్" అన్నాడు. "లాగిన ఎడ్లుండంగ కొత్తయి ఎందుకు?"

సాయిబు గుండె ఆగినంత పని అయింది. "కాకా, చెయ్యి కలిపినం గద" అన్నాడు. మా ఆయన, ఇదంతా కాదు, ఆదివారం అమ్మేద్దామన్నాడు. పాత టైర్లతోనే అమ్మేయాలా, కొత్తవి వేసి అమ్మాలా అని సీటు కవర్ల కొట్టువాళ్లు ఒక సందేహం లేవదీశారు. ఒక్కొక్కరికీ ఒక్కో మాట దొరికింది.

"నా మాట వినుండ్రి జర" అన్నాను. ఎవరూ వినలేదు. హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. అప్పుడు విన్నారు.

"భాయ్, ఆ నాలుగూ బిగించండి. మామా, ఇవి బోడివి, ఒకటి ఇప్పటికే పేలింది, ఇంకొకటి పేలేదాక ఆగ. బండి అమ్మేది లేదు. రోజూ తోలేది నేను, టైర్లు ఏవో నేను చెప్త."

పొద్దున్నుంచి నేను మాట్లాడిన అతి పెద్ద మాట అదే. మామ నన్ను ఎగాదిగా చూశాడు, ఎద్దును చూసినట్టే చూశాడు. తర్వాత తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. సాయిబు, ఆలస్యమైతే మళ్లీ మనసు మారుతుందేమోనని, కరెంటు వచ్చీ రాగానే పనివాడిని తొందరపెట్టాడు.

బిగించడం అయ్యాక డబ్బు కట్టే దగ్గర ఇంకో గొడవ. సాయిబు ధర అంకె నా ఫోన్‌లో తానే కొట్టి ఇచ్చాడు, నేను పంపాను. వెంటనే గల్లా మీది పెట్టె, వచ్చిన డబ్బు ఎంతో రోడ్డంతా వినబడేలా చదివింది. తువ్వాల కింద దాచిన ధర. మామ ముఖం చూడాలి అప్పుడు. "గిది బ్రోకరు పని చెయ్యడానికి పనికిరాదు" అని తువ్వాల తీసి ఆ పెట్టె మీద కప్పేశాడు.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు, కొబ్బరికాయ కొట్టాడు. నేను డ్రైవరు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాను. మా ఆయన ఎడమపక్క తలుపు తెరవబోయాడు. తెరుచుకోలేదు. లోపలి నుంచి లాక్ వేసింది నేనే. అద్దం కొంచెం దించాను.

"మీరిద్దరు బస్సుల రాండ్రి" అన్నాను.

"గద్వాల దాక ఒక్కదానివే పోతవా?" అన్నాడు. ఆయన గొంతులో ఈసారి కోపం లేదు, భయం ఒక్కటే ఉంది. నాకు జాలేసింది. జాలేసినా తలుపు తీయలేదు.

"ఒక్కదాన్నే పోత."

ఆయన సాయానికి మామ వైపు చూశాడు. మామ కొబ్బరి చిప్పలోంచి ఒక ముక్క తీసి నముల్తున్నాడు.

"కొత్త ఎడ్ల మీద మొదటి దినం బరువు ఎయ్యరాదు అల్లుడా. పా, బస్సెక్కుదాం."

"మధ్యాహ్నం గంతమందిని ఎక్కిస్తివి గద మామా."

"అవి పాతయి."

మా ఆయన తన చేతిలోని నీళ్ల సీసా కిటికీలోంచి ఇచ్చాడు. "ఆదివారం వచ్చేటోనికి రావొద్దని చెప్త తియ్యి" అన్నాడు, రోడ్డు వైపు చూస్తూ. నేను సరేనన్నట్టు తల ఊపి గేరు వేశాను. నిమ్మకాయలు చితికిన చప్పుడు వినబడింది.

అద్దంలో వాళ్లిద్దరూ చెట్టు కింద కనబడ్డారు. మామ చెయ్యి ఊపుతున్నాడు, మా ఆయన ఊపడం లేదు, కారు వెనకే రెండడుగులు వేసి ఆగాడు. ఊరు దాటాక చూసుకుంటే నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. వణికే చేతులతోనే గద్వాల దాకా నడుపుకుంటూ వచ్చాను.